పని అయిందని ఎవరికి చెప్పాలి

మౌనం అర్ధాంగీకారమంటారు పెద్దలు. యూనిక్స్ సంతతికి చెందిన కంప్యూటర్లలో మాత్రం మౌనం పూర్తి అంగీకారం. టెర్మినల్ తెరిచి, ఈ ఫైలును ఆ ఫోల్డరులోకి కాపీ చెయ్యమని కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కితే, పని సవ్యంగా అయినప్పుడు తెర మీద ఒక్క అక్షరం కూడా రాదు. తర్వాతి కమాండ్ కోసం ప్రాంప్ట్ మళ్లీ వచ్చి నిలబడుతుంది, అంతే. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో లినక్స్ ముందు మొదటిసారి కూర్చున్న విద్యార్థి, కాపీ అయిందో లేదో నమ్మకం కుదరక, వెంటనే ఫైళ్ల జాబితా తీసి చూసుకోవడం మామూలే. ఈ మౌనానికి రెండు కారణాలు ప్రచారంలో ఉన్నాయి. ఆ రోజుల్లో టెలిటైప్ యంత్రాలు నెమ్మది, కాగితం ఖర్చు, అందుకే పొదుపుగా మాట్లాడారన్నది ఒకటి. తమలాంటి నిపుణుల కోసమే రాసుకున్నవాళ్లకు మామూలు మనిషి అవస్థ పట్టలేదన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ రెండూ కలిపినా లెక్క తేలదు. కమాండ్ లైన్‌లో స్టేటస్ మెసేజ్‌ల చరిత్రను వరసగా చూస్తే, ప్రోగ్రాములు రాసేవాళ్లకు దశాబ్దాలుగా పదేపదే ఎదురైన ప్రశ్న ఒకటే కనిపిస్తుంది: ఈ మాట ఎవరి కోసం? ఆ ప్రశ్నకు దొరికిన జవాబులే ఈ రంగంలో నిలిచాయి.

కాగితం పొదుపు వాదాన్ని ముందు చూద్దాం. యూనిక్స్ కంటే ముందున్న వ్యవస్థలు మౌనంగా ఉండేవి కావు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో ప్రదర్శించిన సీటీఎస్ఎస్‌లో, కమాండ్ అందగానే డబ్ల్యూ అక్షరంతో ఒక వరస అచ్చయ్యేది, అంటే ఆగమని. పని ముగియగానే ఆర్ అక్షరంతో ఇంకో వరస, అంటే సిద్ధమని. ఆ ఆర్ పక్కనే యంత్రం ఎన్ని సెకన్లు పనిచేసిందో అంకెల్లో ఉండేది. దాని వారసత్వంగా వచ్చిన మల్టిక్స్‌లోనూ ప్రతి కమాండ్ చివరా అలాంటి సిద్ధ సందేశమే: గడియారంలో సమయం, పట్టిన యంత్ర కాలం, మెమరీ పేజీల కోసం ఎన్నిసార్లు డిస్క్ దాకా వెళ్లాల్సి వచ్చిందన్న లెక్క. ఒకే యంత్రాన్ని పదుల మంది పంచుకునే కాలం అది. ఎవరి వాటా సెకన్లు ఎంత కరిగాయో తెలియడం వాడేవాడికి నిజంగా అవసరం, అందువల్ల ఆ మాట దండగ కాదు. గమనించాల్సింది ఏమిటంటే, ఈ వ్యవస్థల ముందు కూర్చున్నవాళ్లు వాడినవీ కాగితం మీద కొట్టే నెమ్మది యంత్రాలే. కాగితమూ వేగమూ మాత్రమే మౌనానికి కారణమైతే మల్టిక్స్ కూడా మూగగానే ఉండాలి. 1969లో బెల్ ల్యాబ్స్ మల్టిక్స్ నుంచి తప్పుకుంది. అక్కడ పనిచేసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ న్యూజెర్సీలోని మర్రే హిల్‌లో సొంతంగా చిన్న వ్యవస్థ మొదలుపెట్టారు, అదే యూనిక్స్. మల్టిక్స్ నుంచి వాళ్లు చాలా ఆలోచనలు తెచ్చుకున్నారు. సిద్ధ సందేశాన్ని మాత్రం తెచ్చుకోలేదు.

అయినా యంత్రం ప్రభావం లేదనడం అన్యాయం. అప్పట్లో విరివిగా వాడిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. ఎనభై అక్షరాలకు 8 సెకన్లు, అదీ గది దద్దరిల్లే చప్పుడుతో. ‘మీరు కోరిన ఫైలు విజయవంతంగా కాపీ చేయబడింది’ అని రోజుకు వందసార్లు కొడుతుంటే ఎవరి ఓపికా నిలవదు. థాంప్సన్ రాసిన ఈడీ అనే ఎడిటర్ తప్పు కమాండ్‌కు జవాబుగా ఒక్క ప్రశ్నార్థకం మాత్రమే చూపేది, ఏం తప్పో చెప్పేది కాదు. అది ఆ యంత్రం నేర్పిన క్లుప్తతే. కానీ ఈడీ ప్రశ్నార్థకాన్ని తర్వాతి తరాలు వదిలించుకున్నాయి, కాపీ కమాండ్ మౌనాన్ని మాత్రం అలాగే ఉంచుకున్నాయి. తెరలు వచ్చాక, సెకనుకు వేల అక్షరాలు చూపగలిగే రోజులు వచ్చాక కూడా ఉంచుకున్నాయి. పుట్టించిన కారణం పోయినా ఆచారం బతికి ఉందంటే దాన్ని నిలబెట్టే కారణం మరొకటి మధ్యలో వచ్చి చేరి ఉండాలి.

అది 1973లో వచ్చింది. ఒక ప్రోగ్రాం అచ్చువేసేదాన్ని కాగితం మీదికి పోనివ్వకుండా నేరుగా మరో ప్రోగ్రాం నోట్లో పెట్టే పైప్‌ను, బెల్ ల్యాబ్స్‌లోనే ఉన్న డగ్ మెక్‌ఇల్‌రాయ్ ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా, థాంప్సన్ యూనిక్స్‌లో చేర్చాడు. తోటలో నీళ్ల గొట్టాలను మరతో బిగించుకున్నట్టు ప్రోగ్రాములను కలుపుకోవాలని మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే ఒక కాగితం మీద రాసిపెట్టుకున్నాడు. పైప్ రావడంతో ప్రోగ్రాం మాట వినేవాళ్లలో మనిషి కాని శ్రోత ఒకరు చేరారు. ఆ శ్రోతకు మర్యాద తెలియదు, సందర్భం తెలియదు. వచ్చిన ప్రతి వరసనూ సరుకుగానే తీసుకుంటుంది. పేర్ల జాబితా ఇవ్వాల్సిన ప్రోగ్రాం ముందు ‘ఇదిగో జాబితా’ అని ఒక వరస కలిపితే, లెక్కపెట్టే ప్రోగ్రాం దాన్నీ ఒక పేరుగా లెక్కిస్తుంది, అక్షరక్రమంలో పేర్చే ప్రోగ్రాం దాన్ని ఎక్కడో మధ్యలో ఇరికిస్తుంది. దీనికి రుజువు యూనిక్స్‌లోనే మిగిలి ఉంది. ఫైళ్ల వివరాలు చూపే ఎల్ఎస్ కమాండ్ పొడుగు రూపం పాతకాలం నుంచీ పైన ‘మొత్తం’ అని ఒక వరస వేస్తుంది. దాన్ని పైప్ ద్వారా వరసలు లెక్కపెట్టే ప్రోగ్రాంకు పంపితే ఈ రోజుకీ ఒకటి ఎక్కువ వస్తుంది. మనిషి కోసం కలిపిన ఒక్క వరస వల్ల, ఆ లెక్క రాసే ప్రతివాడూ ఒకటి తీసెయ్యడం గుర్తుపెట్టుకోవాల్సి వస్తోంది. డాస్‌లోని డిర్ కమాండ్ పైన డిస్క్ పేరు, కింద మిగిలిన ఖాళీ చూపేది. చూసేవాడికి అది హాయిగా ఉండేది, దాని జాబితాను మరో ప్రోగ్రాంకు అప్పగించాలనుకున్నవాడికి ముందు ఆ తలా తోకా కత్తిరించడమే పని. 1978లో బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్ యూనిక్స్ మీద ప్రత్యేక సంచిక వేసినప్పుడు, మెక్‌ఇల్‌రాయ్, ఆయన సహచరులు ముందుమాటలో ఈ సంగతినే సూత్రంగా పెట్టారు: నీ ప్రోగ్రాం ఇచ్చేదాన్ని ఇంకా పుట్టని ప్రోగ్రాం ఏదో తీసుకుంటుందనుకుని రాయి, అనవసరపు సమాచారంతో దాన్ని చిందరవందర చెయ్యకు. కాగితం పొదుపు అప్పటికి పక్కకు జరిగింది. ఇది తర్వాత వచ్చే శ్రోత పట్ల చూపిన మర్యాద.

అయితే మౌనం ఒక్కటే జవాబైతే తప్పు జరిగినప్పుడు ఏం చెయ్యాలి? అప్పుడు చెప్పి తీరాలి. తొలి సంవత్సరాల్లో యూనిక్స్ ప్రోగ్రాములు తప్పుల మాటను కూడా అసలు సరుకు పోయే దారిలోనే పంపేవి. దాని పర్యవసానం ఏమిటో స్టీఫెన్ జాన్సన్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. యాక్ అనే ప్రసిద్ధ పనిముట్టును రాసినవాడు ఆయనే. బెల్ ల్యాబ్స్‌లో అప్పుడు ఫోటోటైప్‌సెట్టర్ ఉండేది. పత్రాన్ని దానికి పంపితే ఫొటో కాగితం మీద అక్షరాలు పడేవి. ఆ పొడుగాటి కాగితాన్ని జాగ్రత్తగా తీసి, రసాయనాల కంపు కొట్టే మరో యంత్రంలోకి ఎక్కించి, కొన్ని నిమిషాలు కాచుకుంటే గానీ ఏం అచ్చయిందో కనిపించేది కాదు. ఒక మధ్యాహ్నం ఒకరి తర్వాత ఒకరు ఇంత శ్రమా పడి చూసుకుంటే, కాగితం మీద అందమైన అచ్చులో ఒకే ఒక్క వరస ఉంది: ఫలానా ఫైలు తెరవడం కుదరలేదని. ఫిర్యాదు చెయ్యాల్సిన మాట సరుకుతో పాటు టైప్‌సెట్టర్‌లోకి పోయింది. గొణుగుడు వినాల్సినవాళ్ల చెవిన పడింది, కొద్ది రోజుల్లోనే ప్రతి ప్రోగ్రాంకూ మూడో దారి ఒకటి ఏర్పడింది. సున్నా నంబరు దారిన సరుకు లోపలికి, ఒకటో నంబరు దారిన సరుకు బయటికి, రెండో నంబరు దారిన మనిషికి చెప్పాల్సిన మాట. స్టాండర్డ్ ఎర్రర్ అని దానికి పేరు. 1970ల మధ్యలో జరిగిన ఈ చిన్న మార్పు ఈ చరిత్ర మొత్తంలో అతి పెద్ద ఆవిష్కరణ అని నా అభిప్రాయం. మాట్లాడాలా మౌనంగా ఉండాలా అన్న తగువును అది తీర్చలేదు, ఆ తగువు అక్కర్లేకుండా చేసింది. సరుకు దారిలో మౌనం, పక్క దారిలో మాట.

ఆ పేరులో ‘ఎర్రర్’ ఉండటం వల్ల జనానికి ఒక అపోహ మిగిలిపోయింది, అది తప్పుల దారి మాత్రమేనని. డీడీ అనే కమాండ్‌ను చూస్తే సంగతి తెలుస్తుంది. దాని పేరూ వాడుక తీరూ ఐబీఎం పెద్ద యంత్రాలకు పనులు అప్పగించే జేసీఎల్ కార్డుల నుంచి వచ్చాయి. అందుకే కాబోలు, పని చక్కగా పూర్తయినా అది ఎన్ని రికార్డులు లోపలికి వచ్చాయో, ఎన్ని బయటికి పోయాయో చెప్పి గానీ ముగించదు. ఆ మాటను రెండో దారిలోనే చెబుతుంది. ఐబీఎం లోకంలో మాట్లాడటం నియమం. ప్రతి సందేశానికీ ఒక సంకేత సంఖ్య, చివర అది సమాచారమా చర్య కోరేదా అని తెలిపే అక్షరం, ప్రతి దశ ముగిశాక అది ఎలా ముగిసిందో తెలిపే కండిషన్ కోడ్. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ 1970ల చివర్లో తెచ్చిన వీఎంఎస్ దీన్ని ఇంకా నున్నగా చేసింది: సందేశం మొదట్లో శాతం గుర్తు, ఏ విభాగం మాట్లాడుతోందో దాని పేరు, విజయమో సమాచారమో హెచ్చరికో తప్పో ఘోరమైన తప్పో తెలిపే ఒక్క అక్షరం, గుర్తింపు పేరు, ఆ తర్వాత మనిషి చదివే వాక్యం. మౌనమే మర్యాద అనేవాళ్లకు ఇది గట్టి ప్రతివాదమే. మాట్లాడుతూ కూడా యంత్రానికి అర్థమయ్యేలా ఉండవచ్చని వీఎంఎస్ చూపించింది. యూనిక్స్ అదే పనిని ఇంకో పద్ధతిలో చేసింది: ముగిసే ప్రతి ప్రోగ్రాం వెనక్కి ఒక అంకె ఇచ్చి పోతుంది, సున్నా అయితే విజయం, మరేదైనా అయితే ఏదో తేడా. ఆ అంకె తెర మీద పడదు; అడిగినవాడికే దొరుకుతుంది. రెండు పద్ధతులూ కలిసే చోటు ఒకటుంది. యంత్రం చదివే మాటను, మనిషి చదివే మాటను రెండూ విడదీశాయి. వీఎంఎస్ ఒకే వరసలో గడులు కట్టి విడదీస్తే, యూనిక్స్ దారులే వేరు చేసింది.

ఇంతవరకూ పని ముగిశాక చెప్పే మాట గురించే. పని జరుగుతున్నప్పటి మౌనం వేరు, దాన్ని సమర్థించడం కష్టం. ముగిశాక మౌనంగా ఉంటే ప్రాంప్ట్ రావడమే గుర్తు. మధ్యలో మౌనంగా ఉంటే, పని నడుస్తోందో, ఎక్కడో చిక్కుకుందో, యంత్రమే కూలిందో చెప్పే గుర్తు ఏదీ లేదు. జవాబు రావడానికి రెండు సెకన్లు దాటితే మనిషి ఆలోచన తెగిపోతుందని ఐబీఎంకు చెందిన రాబర్ట్ మిల్లర్ 1968లోనే వాదించాడు. ఈ అవసరాన్ని పసిగట్టినవాళ్లూ ఉన్నారు. బీబీఎన్ సంస్థ తయారుచేసిన టెనెక్స్ వ్యవస్థలో కంట్రోల్ కీతో టీ నొక్కితే, నడుస్తున్న ప్రోగ్రాంను ఆపకుండానే, అది ఏ స్థితిలో ఉందో, ఎంత కాలం వాడిందో ఒక వరసలో వచ్చేది. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన పరిష్కారం: అడిగితే చెబుతుంది, అడగకపోతే లేదు. బీఎస్‌డీ యూనిక్స్‌లు తర్వాత దీన్ని తీసుకున్నాయి, మాక్ టెర్మినల్‌లో ఇప్పటికీ పనిచేస్తుంది, లినక్స్ తీసుకోలేదు. ఫైళ్లను ఫోన్ తీగల మీద పంపే రోజుల్లో కొలంబియా విశ్వవిద్యాలయంలో 1981లో పుట్టిన కెర్మిట్ ప్రోగ్రాం, కొన్ని పాకెట్లు చేరిన ప్రతిసారీ ఒక చుక్క పెట్టేది, ఏదైనా మళ్లీ పంపాల్సి వస్తే శాతం గుర్తు పెట్టేది. ఆ వరసను చూస్తే తీగ బాగుందో లేదో కూడా అర్థమయ్యేది. ఫైళ్లు పంపే బీఎస్‌డీ ఎఫ్‌టీపీ ప్రోగ్రాంలో కోరుకుంటే ప్రతి ముక్కకూ ఒక హాష్ గుర్తు పడేది. 1985లో టొరంటో విశ్వవిద్యాలయంలో ఉన్న బ్రాడ్ మయర్స్ ఎంత శాతం అయిందో చూపే సూచికలను మనుషులు ఇష్టపడతారని ప్రయోగం చేసి ఒక పత్రం రాశాడు. డీడీ కమాండ్ ఆ పాఠాన్ని నేర్చుకోవడానికి మాత్రం 2015 దాకా పట్టింది. ఆ కమాండ్ ఉన్న గ్నూ కోర్‌యుటిల్స్ 8.24లో గానీ దానికి ప్రగతిని చూపే ఐచ్ఛికం చేరలేదు. వందల గిగాబైట్ల డిస్కులను కాపీ చేస్తూ గంటల తరబడి ఖాళీ తెర చూసినవాళ్లకు అది ఎంత ఆలస్యమో తెలుసు.

చుక్కల వరస నుంచి కదిలే అంకెకు చేర్చిన సాధనం టైప్‌రైటర్ కాలం నాటిది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేతి మీట నెట్టి క్యారేజ్‌ను మళ్లీ వరస మొదటికి తెచ్చిన తరానికి ఇది కొత్త కాదు: క్యారేజ్ వెనక్కి రావడం ఒక పని, కాగితం పైకి జరగడం మరో పని. టెలిటైప్‌లో ఆ రెండింటికీ వేరువేరు సంకేతాలుండేవి, ఆస్కీ పట్టికలో 13, 10 సంఖ్యలుగా అవి నేటికీ ఉన్నాయి. కాగితం మీద మొదటిది మాత్రమే పంపితే అక్షరం మీద అక్షరం పడి అలుక్కుపోయేది. తెర మీద పంపితే పాత అక్షరం చెరిగి కొత్తది నిలుస్తుంది. ప్రోగ్రెస్ బార్ కిటుకంతా అదే, కాగితం జరపకుండా క్యారేజ్‌ను వెనక్కి తేవడం. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్ వరసను చెరిపే, కర్సర్‌ను కదిపే సంకేతాల ప్రమాణాన్ని ఇంటింటికీ చేర్చాక, బొమ్మలు గీసినంత పని సాధ్యమైంది. అయితే ఈ కదిలే వరస మనిషి కంటికే అర్థవంతం. దాన్ని ఫైలులోకి మళ్లిస్తే వెయ్యి శాతాలు ఒకదాని పక్కన ఒకటి గజిబిజిగా పేరుకుంటాయి. అందుకే ఇజ్‌ఎటీటీవై అనే చిన్న ఫంక్షన్ ఇంత ముఖ్యమైంది. అటు చివర ఉన్నది టెర్మినలా, మరేదైనానా అని ప్రోగ్రాం దాని ద్వారా అడుగుతుంది. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ ఆ జవాబును బట్టే శాతాలను చూపుతుంది, లేదా మానేస్తుంది. ఫైళ్లను దించే డబ్ల్యూగెట్ తెర ముందు బార్ గీస్తుంది, తెర కాకపోతే పాత చుక్కలకు దిగిపోతుంది. అలాంటి పనే చేసే కర్ల్ సరుకును ఫైలుకు పంపుతున్నప్పుడే ప్రగతి పట్టికను రెండో దారిలో చూపుతుంది. సరుకే తెర మీదికి వస్తుంటే ఆ పట్టికను కట్టేస్తుంది. ఇవన్నీ శ్రోత ఎవరో తెలుసుకుని మాట్లాడే ప్రోగ్రాములు.

ఇక నిపుణుల అహంకారమన్న ఆరోపణ. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ 1981లో డేటామేషన్ పత్రికలో యూనిక్స్ వాడేవారికి ఎదురయ్యే కష్టాలను ఏకరువు పెట్టాడు. వ్యవస్థ మనిషి నుంచి ముఖం దాచుకుని మౌనంగా పనిచేస్తుందని, ఏం జరుగుతోందో తెలియనివ్వదని ఆయన ఫిర్యాదు. నేర్చుకునేవాడి విషయంలో ఆయన మాట నిజం. కానీ ఆయన ఎత్తిచూపిన లోపానికి మందు సరుకు దారిలో మాటలు నింపడం కాదు. రెండో దారి అప్పటికే సిద్ధంగా ఉంది, ఆ కాలపు రచయితలు దాన్ని తప్పులకే పరిమితం చేసి, మనిషితో మాట్లాడే అవకాశాన్ని వాడుకోలేదు. నేరం మౌన సూత్రానిది కాదు, సగమే అమలు చేసినవాళ్లది. దీనికి ఎదురుగా ఇంకో అభ్యంతరం ఉంది: దారి ఉందని అందులో ఎంతైనా మాట్లాడవచ్చా అని. కుదరదనే అనుభవం చెబుతోంది. క్రాన్ అనే సేవ వేళకు పనులు నడిపి, ఏ దారిన మాట వచ్చినా దాన్ని యజమానికి ఉత్తరంగా పంపుతుంది. మౌనంగా ముగిసే ప్రోగ్రాం నుంచి ఉత్తరం వచ్చిందంటే లేచి చూడాల్సిందే. రోజూ కబుర్లు చెప్పే ప్రోగ్రాం ఉత్తరాలను ఎవరూ తెరవరు, అసలు తప్పు వాటి మధ్యే ఉండిపోతుంది. మాటకు యంత్రం సమయం కూడా ఖర్చవుతుంది. 2016 మొదట్లో, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను దించే ఎన్‌పీఎం వాడేవాళ్లు గమనించారు, దాని ప్రోగ్రెస్ బార్‌ను ఆపేస్తే ప్యాకేజీలు దాదాపు రెట్టింపు వేగంతో దిగుతున్నాయని. ఎంత పని అయిందో చెప్పడానికి పెట్టిన సూచిక ఆ పనినే వెనక్కి లాగింది. బార్‌ను తీసెయ్యాలని దీనికి అర్థం కాదు. సెకనుకు పది సార్ల కంటే ఎక్కువ మార్చినా మనిషి కన్ను చదవలేదు కాబట్టి అంతకు మించి గీయనక్కర్లేదు, అంతే.

మనిషి మాటను, యంత్రం మాటను వేరు చేసిన ఈ విభజన వల్ల కలిగిన ఒక మేలు మన భాషకూ సంబంధించినది. స్టేటస్ మెసేజ్ మనిషి కోసమైతే అది మనిషి భాషలో ఉండాలి. సందేశాలను అనువదించే సాధనం గ్నూ గెట్‌టెక్స్ట్ 1990ల మధ్య నుంచి ఆ వీలు కల్పించింది, హైదరాబాద్‌లోని స్వేచ్ఛ వంటి బృందాలూ ఇతర స్వచ్ఛంద అనువాదకులూ తెలుగు కోసం శ్రమించారు. కానీ ఇంగ్లిష్ వాక్యాన్ని వెతికి పట్టుకుని పనిచేసే స్క్రిప్టులు లోకమంతా ఉన్నాయి. సందేశం భాష మారితే అవి విరిగిపోతాయి. గిట్ 2010లో స్టేటస్ కమాండ్‌కు యంత్రం కోసం ఎప్పటికీ మారని రూపం ఒకటి ఇచ్చింది, 2012 నుంచి మనిషి చదివే వాక్యాలను అనువాదానికి తెరిచింది. ఈ వరస యాదృచ్ఛికమైనా కాకపోయినా సరైనదే: యంత్రం వాటా దానికి ఇచ్చేశాక మిగిలిన మాటను తెలుగులో చెప్పినా ఎవరికీ నష్టం లేదు. మిగిలిన అడ్డంకి టెలిటైప్ వదిలివెళ్లిన గడులది. టెర్మినల్‌కు తెర అంటే సమాన వెడల్పు గడుల వరస, ఒక గడికి ఒక అక్షరం. ‘స్త్రీ’ అన్నది మన కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు. వెడల్పు లెక్కించే సాధారణ పద్ధతి దానికి మూడు గడులు కేటాయిస్తుంది. ఒత్తులను కిందికి దించి, గుడిదీర్ఘాన్ని పైకి ఎక్కించి గీసే టెర్మినల్ ఒక వెడల్పు అనుకుంటుంది, బార్ గీసే ప్రోగ్రాం మరో వెడల్పు అనుకుంటుంది. తెలుగు వాక్యం పక్కన శాతం అంకె ఉండాల్సిన చోటు నుంచి జరిగిపోతుంది, బార్ చివరి గీత తెర అంచు దాటి కింది వరసలోకి పడుతుంది. క్యారేజ్ ఆ కింది వరస మొదటికే తిరిగొస్తుంది, పైన సగం గీసిన బార్ చెరగకుండా అలాగే నిలిచిపోతుంది.